తెలుపును వెంట తెచ్చుకునే రంగు

రంగుల్లోనూ అంతస్తులున్నాయి. అందరికన్నా ఎత్తున తైలవర్ణం కూర్చుంటుంది. మ్యూజియం గోడలు, బంగారు పూత చట్రాలు, దివాణాల్లో దొరల నిలువెత్తు బొమ్మలు దాని సొత్తు. ఒక మెట్టు కింద నీటిరంగు. అది పెద్దమనిషి తరహా, తక్కువ మాట్లాడుతుంది, చెయ్యి తడబడితే మాత్రం క్షమించదు. ఈమధ్య వచ్చిన అక్రిలిక్ నడుమ ఎక్కడో చోటు చేసుకుంది. అన్నిటికీ అడుగున, బడిపిల్లల సంచీ మూలలో, మూత బిగుసుకుపోయిన చిన్న సీసాలో పోస్టర్ రంగు ఉంటుంది. బొమ్మలు వేసేవాళ్లు నలుగురు కలిసినచోట నా డబ్బా తెరిస్తే ఎవరో ఒకరు అడుగుతారు, "ఏం సార్, ఇంకా పోస్టర్ కలర్సేనా?" అని. గడ్డం నెరిసినా పలక పట్టుకు తిరిగే మనిషిని చూసిన జాలి ఆ గొంతులో వినిపిస్తుంది.

అవును, అవే. ఎందుకో చెప్పాలంటే రంగు సంగతి కొంత, నేను పెరిగిన భివండీ సంగతి కొంత చెప్పాలి.

నీటిరంగు పారదర్శకం. వెలుతురు ఆ పలచటి పొరలోంచి దూరి, అడుగున ఉన్న కాగితాన్ని తాకి, తిరిగి మన కంటికి వస్తుంది. నీటిరంగు బొమ్మలో మనం మెచ్చుకునే మెరుపు నిజానికి కాగితానిది. అందుకే ఆ పని నేర్చినవాళ్లు రంగు కన్నా కాగితానికే ఎక్కువ డబ్బు పెడతారు. నూలుతో చేసినది కావాలి, దళసరిది కావాలి, తడిస్తే ముడతలు పడకూడదు, అన్నిటికన్నా ముందు మచ్చలేని తెలుపై ఉండాలి. కాగితం చవకదైతే చెయ్యి ఎంత గొప్పదైనా బొమ్మ మురికిగా వస్తుంది.

పోస్టర్ రంగుకు ఆ పరాధీనత లేదు. రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు, ఒంటినిండా సుద్దలాంటి తెల్లపొడి, నీళ్లు: దాని సంసారం అంతే. ఆ తెల్లపొడి వెలుతురును లోపలికి పోనివ్వదు, పైనుంచే తిప్పి పంపుతుంది. కింద ఉన్నది గోధుమరంగు అట్టో, పాత క్యాలెండరు వెనుకవైపో, ఒకవైపు రాసేసిన కాగితమో దానికి పట్టదు. నల్ల కాగితం మీద కూడా పసుపు పసుపుగానే నిలుస్తుంది. తనకు కావలసిన తెలుపును అది తన వెంటే తెచ్చుకుంటుంది.

భివండీలో పెరిగినవాడికి ఈ గుణం విలువ వేరే చెప్పనక్కర్లేదు. మంచి డ్రాయింగు కాగితం మా ఇళ్లలోకి వచ్చేది కాదు. అట్ట మాత్రం కావలసినంత. నూలు కోన్లు వచ్చే పెట్టెలు పవర్‌లూము షెడ్డు బయట గుట్టలుగా పడి ఉండేవి. వాటిని చీల్చి, తడిగుడ్డతో తుడిచి, ఆ అట్టల మీదే మేం బొమ్మలు వేశాం. ఆ అట్టల మీద నీటిరంగు పోస్తే బురద మరక మిగులుతుంది. పోస్టర్ రంగు పూస్తే బొమ్మ వస్తుంది. పేదవాడి రంగని దాన్ని వెక్కిరించేవాళ్లు ఒక ముక్క మరిచిపోతారు. ఎక్కడ పెడితే అక్కడ నిలబడగలిగే రంగు అది.

ఊరి గురించి తెలియనివాళ్లకు నాలుగు మాటలు. ముంబైకి ఈశాన్యాన, ఠాణే జిల్లాలో ఉంటుంది భివండీ. దేశంలోని పవర్‌లూముల్లో పెద్ద వాటా ఈ ఒక్క ఊరిదే, వాటి లెక్క లక్షల్లో ఉంటుంది. మావాళ్లు పవర్‌లూమును సాంచ అంటారు. కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చేతిమగ్గం కూడు పెట్టలేని రోజులొచ్చినప్పుడు పద్మశాలీలు గుంపులు గుంపులుగా ఇక్కడికి వచ్చారు. పద్మనగర్ అలా తెలుగు పేట అయింది. అక్కడ మార్కండేయుడి గుడి ఉంది, దసరా ముందు బతుకమ్మ ఉంది, దుకాణం బోర్డు మీద దేవనాగరి, ఉర్దూ పక్కనే తెలుగు అక్షరం ఉంది. రాత్రీ పగలూ తేడా లేకుండా సాంచల దడదడ ఉంది. ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చే మనుషులున్నారు.

ఇంత నేసే ఊళ్లో రంగు కనబడదు. ఇక్కడ తయారయ్యేది ఎక్కువగా గ్రే, అంటే కోరా గుడ్డ. మీటర్ల కొద్దీ, తానుల కొద్దీ, పాలిపోయిన తెలుపు. రంగులద్దే కార్ఖానాలు ఊళ్లో అసలు లేవని కాదు, ఉన్నాయి. కానీ కోరాలో చాలా భాగం లారీలెక్కి రాజస్థాన్‌లోని బాలోత్రా, పాలీ, గుజరాత్‌లోని జేత్‌పూర్ లాంటి చోట్లకు వెళ్లి అక్కడ చీరవుతుంది, పరదా అవుతుంది, అంగీ గుడ్డ అవుతుంది. పన్నెండు గంటల పాళీ చేసి బయటికి వచ్చే మనిషి తల మీద, కనుబొమల మీద కూడా తెల్లటి దూది నుసే. తను నేసిన గుడ్డ ఏ రంగైందో అతనికి ఎప్పటికీ తెలియదు. ఆ ఇంటి పిల్లవాడు పుస్తకాల కొట్టులో వరసగా పేర్చిన సీసాలు చూస్తే కాళ్లు కదలవంటే కదలవు మరి. స్కార్లెట్, క్రోమ్ ఎల్లో, లీఫ్ గ్రీన్. ఆ పేర్లు మాకు సినిమా తారల పేర్ల కన్నా ముందు నోటికొచ్చాయి.

ఆ సీసాల మీద ఒంటె బొమ్మ ఉండేది. దిగంబర్ పరశురామ్ దాండేకర్ 1931లో ముంబైలో సిరా పొడుల వ్యాపారంగా మొదలుపెట్టిన సంస్థ అది. మొదట గుర్రం గుర్తు, తర్వాత ఒంటె. చివరికి క్యామ్లిన్. సిరా నుంచి రంగుల్లోకి వచ్చి, దేశంలో సగం మంది బడిపిల్లల వేళ్లకు అంటుకుంది. ఇప్పుడు దాని పేరు ముందు జపాన్ వాళ్ల కోకుయో చేరింది. ఒంటె మాత్రం అలాగే నడుస్తోంది.

ఇప్పుడు జిగురు సంగతి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

పడుగు నూలును ఉన్నదున్నట్టు సాంచకెక్కిస్తే బతకదు. అచ్చు పళ్ల మధ్య ఒరుసుకుని, నూగు లేచి, తెగిపోతుంది. అందుకే ముందు సైజింగ్‌కు పంపుతారు. వేడి గంజి తొట్టిలో ముంచి, రోలర్ల మధ్య పిండి, ఆవిరి డ్రమ్ముల మీద ఆరబెట్టి, భీముకు చుడతారు. చేతిమగ్గం రోజుల్లో ఇదే పని వీధిలో జరిగేది. పొద్దున్నే పడుగును బారుగా చాచి, గంజి పట్టి, పెద్ద కుంచెతో ఇటు నుంచి అటు దువ్వుకుంటూ పోయేవాళ్లు. మా నాయిన సాంచల మనిషే అయినా ఆ వీధి గంజిని చూస్తూ పెరిగినవాడు. "గంజి సరిగ పట్టకపోతె పోగు నిలువది బిడ్డా, ఎంత మంచి నూలైనా సరే" అనేవాడు. పాలిస్టరు వచ్చాక తొట్టిలోకి వేరే రసాయనాలు దిగాయి గానీ, నూలుకు నేటికీ గంజే ముఖ్యం.

గంజిపిండిని పొడిగా వేయిస్తే దాని స్వభావం మారి, చల్లనీళ్లలో కరిగే జిగురవుతుంది. దాన్ని డెక్స్‌ట్రిన్ అంటారు. ఇది దొరికిన తీరు గురించి ఒక కథ చెబుతారు. 1821లో ఐర్లండ్‌లోని డబ్లిన్ దగ్గర ఒక బట్టల మిల్లు తగలబడిందట. గిడ్డంగిలోని గంజిపిండి మాడి గోధుమరంగుకు తిరిగిందట. మంటలార్పిన నీళ్లలో ఆ పిండి కరిగి చేతులకు, చెప్పులకు అంటుకుంటుంటే ఒక పనివాడు ఇదేదో జిగురు అని కనిపెట్టాడట. నిజంగా అలాగే జరిగిందో లేదో గానీ, ఆ తర్వాత అలా వేయించిన పిండిని బ్రిటిష్ గమ్ పేరుతో అమ్మారు, అద్దకం రంగులను చిక్కబరచడానికి వాడారు. చాలా పోస్టర్ రంగుల్లో రంగుపొడిని పట్టి ఉంచేది ఈ డెక్స్‌ట్రినో, తుమ్మజాతి చెట్ల జిగురో, రెండూనో. ఆ కథే నిజమైతే, బట్టల మిల్లు బూడిదలోంచి వచ్చిన జిగురు అదన్నమాట. నేతగాడి ఇంటికి అది పరాయి సరుకు కాదు.

ఇంకో పోలిక కూడా ఉంది. గుడ్డ నేయడం అయిపోయాక పడుగుకు పట్టించిన గంజిని ప్రాసెసింగ్ మిల్లులో ఎంజైములతో కరిగించి కడిగేస్తారు. అది పోతేనే గుడ్డ రంగు పీలుస్తుంది. పోగును కాపాడినంత కాలం ఉండి, పని కాగానే నీళ్లలో కలిసిపోవడమే గంజి ధర్మం. పోస్టర్ రంగు జిగురుదీ ఇదే నడవడి. ఆరినాక కూడా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. దీన్ని లోపమంటారు. ఒక పొర మీద ఇంకో పొర వేస్తే కిందిది లేచి పైదాంట్లో కలుస్తుంది, నిజమే. కుంచెను ఒక్క తోపున లాగి వదిలేయాలి, వెనక్కి రాకూడదు. కానీ లాభం చూడండి. సీసాలో గడ్డకట్టిన రంగులో నాలుగు చుక్కల నీళ్లు వేసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి మళ్లీ రంగే. గిన్నెలో మిగిలింది వారం తర్వాత కూడా పనికొస్తుంది. అక్రిలిక్ ఒకసారి ఎండితే ప్లాస్టిక్ ముక్క, కుంచెతో సహా చెత్తబుట్టకే. సీసా ఖాళీ అయితే ఇంకోటి అడగాలంటే భయపడే పిల్లలకు ఏది కరుణ చూపిందో నాకు తెలుసు.

పద్మశాలీలకు బొమ్మ కూడా గంజి మీదే వచ్చింది. కూనపులివాళ్లని మాకు కథలు చెప్పేవాళ్లున్నారు. ఊరూరా తిరిగి, పటం విప్పుతూ, మార్కండేయుడి కథ, భావనా ఋషి కథ పద్మశాలీల వాడల్లో పాడేవాళ్లు. మూడడుగుల వెడల్పు, 40 నుంచి 60 అడుగుల పొడవుండే ఆ పటాలు రాసేది నకాషీలు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల వాళ్ల పనికి పేరు మోసింది. ఖద్దరు గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల పిండి, జిగురు కలిపి పొర మీద పొర పట్టిస్తారు. అలా తెల్లటి నేల సిద్ధమయ్యాకే గీత మొదలవుతుంది. తెలుపు శంఖుపొడి, నలుపు దీపం మసి, నీలం నీలిమందు, ఎరుపు ఇంగిలీకం, అన్నిటికీ చెట్టు జిగురు. దళసరి రంగు, చదునైన పూత, వెనుక మండే ఎరుపు, చివర్లో నల్లగీత. సీసా మీద పేరు లేదు గానీ, వస్తువు చూస్తే అది పోస్టర్ రంగే. ఆ రంగులు దంచి నూరే ఓపిక, దినుసులు తగ్గాక కొట్టులో దొరికే సీసా రంగులు ఆ పనిలోకి వచ్చాయి. కొందరు దాన్ని కళ చెడిపోవడమంటారు. నేననను. నూరిన రంగు అందం వేరు, ఒప్పుకుంటాను. కానీ జిగురూ సుద్దా రంగుపొడీ అన్న సూత్రం అలాగే ఉంది, చెయ్యీ అలాగే ఉంది.

భివండీ చుట్టుపక్కల పల్లెలకు పోతే తెలుపు ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఠాణే, పాల్ఘర్ జిల్లాల వార్లీలు పెళ్లింటి మట్టిగోడ మీద బియ్యప్పిండి నీళ్లలో జిగురు కలిపి, నమిలి కుచ్చు చేసిన వెదురుపుల్లతో బొమ్మలు వేస్తారు. ఎర్రమట్టి మీద ఒక్క తెలుపే. ఆ పని ఆడవాళ్లది. 1970ల్లో జివ్యా సోమా మశే అనే మగమనిషి దాన్ని కాగితం మీదకు, గుడ్డ మీదకు తెచ్చి, పెళ్లితో పని లేకుండా రోజూ వేయడం మొదలుపెట్టాడు. 2011లో పద్మశ్రీ వచ్చింది. 2018లో పోయాడు. మా ఊరి బడిపిల్లలు వార్లీ బొమ్మ వేయమంటే అట్టకు కావిరంగు పూసి, దానిమీద తెల్ల పోస్టర్ రంగుతో వేస్తారు. మట్టి గోడ మీద బియ్యప్పిండి ఎలా నిలబడిందో, గోధుమ అట్ట మీద సీసా తెలుపు అలాగే నిలబడుతుంది.

మహారాష్ట్రలో పోస్టర్ రంగుకు ఒక సర్కారీ హోదా కూడా ఉంది. కళా సంచాలనాలయం వాళ్లు ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ అని బడిపిల్లలకు డ్రాయింగు పరీక్షలు పెడతారు. బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. తెలుగు రాష్ట్రాల్లోని నా చుట్టాలకు ఇది చెబితే నమ్మరు, బొమ్మలకు పరీక్షేంటని. వస్తువుల్ని చూసి గీయడం, గుర్తున్నది గీయడం, అక్షరాలు రాయడం, ఇవన్నీ ఉంటాయి. వాటిలో సంకల్పచిత్ర అనే డిజైను పేపరు పోస్టర్ రంగు రాజ్యం. వలయంలోనో చదరంలోనో పూలు, ఆకులు, పక్షులు ఇరికించి, ప్రతి గడినీ అంచు దాటకుండా, గీతలు పడకుండా, ఒకే ఛాయలో నింపాలి. రంగు చిక్కటి మజ్జిగలా ఉండాలని మాస్టారు చెప్పేవారు. పలచనైతే అట్ట కనబడుతుంది, చిక్కనైతే కుంచె ఆగిపోతుంది. ఆ కొలత చేతికి తెలియాలే తప్ప పుస్తకంలో ఉండదు. సాంచల పిల్లలకు ఆ పేపరు బాగా వచ్చేది. బార్డరు, బూటా, మళ్లీ బార్డరు చూసి పెరిగినవాళ్లకు నమూనా తిరిగి తిరిగి రావడంలో వింతేముంటుంది? ఆ పరీక్ష పద్ధతి మీద నాకు ఫిర్యాదూ ఉంది. అంచు దాటకపోవడమే కళ అని పిల్లల బుర్రకెక్కిస్తుంది. చాలామంది ఆ పరీక్షలో గ్రేడు తెచ్చుకుని, పదో తరగతి మార్కుల్లో కలుపుకుని, కుంచె మళ్లీ ముట్టలేదు. అయినా ఆ పరీక్ష లేకపోతే మా వాడలో చాలా ఇళ్లకు రంగుల డబ్బా వచ్చేదే కాదు. ఆ మేలు మరవలేను.

పిల్లల రంగని పెదవి విరిచేవాళ్లకు జపాన్ చూపిస్తాను. స్టూడియో జిబ్లీ వాళ్ల 1988 నాటి "మై నైబర్ టోటోరో" సినిమాలో ఆ పచ్చటి పొలాలు, వాన కురిసే బస్టాపు, కర్పూరచెట్టు చూసి ప్రపంచం మురిసిపోయింది. వాటి వెనుక కళాదర్శకుడు కజువో ఓగా. ఆయన చేతిలోవి నిక్కర్ అనే కంపెనీ పోస్టర్ రంగులు. వానకు తడిసిన ఆకు మీది మెరుపును కూడా ఆయన సుద్ద కలిసిన రంగుతోనే పలికించాడు. తడిమీద తడి కలిపి ఆకాశాలు, ఆరినదాని మీద దళసరి చుక్కలతో గడ్డిపరకలు. తప్పు రంగుది కాదని తేలడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

దాని చెడ్డ గుణాలు దాచను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా భివండీ వానల్లో పూత ఆరదు. గంజి ఉన్నచోట బూజు కూడా ఉంటుంది కాబట్టి, గోడకు ఆనించిన బొమ్మ వెనుక నల్లచుక్కలు మొలుస్తాయి. మందంగా పూస్తే పగిలి పెచ్చులు రాలుతుంది. ఎండ తగిలేచోట పెడితే గులాబీ, ఊదా ముందు పోతాయి. తడిమీద ఒక ఛాయ, ఆరాక ఇంకో ఛాయ: లేతవి కాస్త ముదురుతాయి, ముదురువి వెలిసినట్టవుతాయి. ఆరిన పూత మీద వేలు పెడితే మరక. పైగా మా ఊళ్లో కిటికీ తెరిచి పని చేస్తే దూది నుసి వచ్చి తడిరంగు మీద వాలుతుంది. పీకితే రంగు లేస్తుంది, వదిలేస్తే ఆకాశానికి గడ్డం మొలుస్తుంది. గాజు బిగిస్తే తప్ప బొమ్మకు దీర్ఘాయువు లేదు.

కానీ దాని పేరులో ఉన్న పనికి దీర్ఘాయువు అవసరమూ లేదు. మార్కండేయ జయంతికో, బతుకమ్మకో, నాటకానికో, జీతాలు పెంచమని పెట్టే సభకో పోస్టరు రాస్తే అది ఆ రోజు దాకా నిలిస్తే చాలు. మా చిన్నప్పుడు పద్మనగర్ మలుపుల్లో అలాంటి కాగితాలు ఉండేవి. తెలుగు అక్షరం గుండ్రం, కుంచెకు అనువైనది. మంచి చెయ్యి ఉన్నవాడు రాస్తే చదవకముందే కళ్లు ఆగేవి. వాన పడగానే అక్షరాలు గోడ మీదుగా కారి పోయేవి. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. అదే నాయకుడి ముఖం, అదే జోడించిన చేతులు, ముందు రోజు రాత్రి అచ్చు. సభ అయిపోయి ఏళ్లు గడిచినా అది చావదు. కోళ్ల గూటికి కప్పుగా, వానకు అడ్డంగా వేలాడుతూ, మా ఊరి కామ్వారి నది ఒడ్డున పడి ఉంటుంది. ఒక రోజు పనికి అన్నేళ్లు బతికే సరుకు వాడటం దండగని నా తీర్పు. నీళ్లకు లొంగే రంగే ఆ పనికి సరైనది.

ఇక పిల్లలకు రంగులు కొనిపెట్టే తల్లిదండ్రులకు ఒక మాట. పన్నెండు సీసాల డబ్బా కొంటారు, మంచిదే. అందులో అన్ని సీసాలదీ ఒకటే కొలత. ఎరుపులో తెలుపు కలిపితేనే గులాబీ, నీలంలో తెలుపు కలిపితేనే ఆకాశం, గోధుమలో తెలుపు కలిపితేనే మనిషి చర్మం. అందుకే మొదటి వారంలోనే తెలుపు అయిపోతుంది. మిగతా పదకొండు సీసాలు మూత బిగుసుకుని అలమారలో పడి ఉంటాయి. పిల్లవాడికి బొమ్మలంటే ఇష్టం పోయిందని మీరనుకుంటారు. పోలేదు, వాడి దగ్గర తెలుపు లేదంతే. ఈసారి డబ్బాతోపాటు తెలుపు పెద్ద సీసా ఒకటి విడిగా కొనండి. కాగితం కోసం మాత్రం డబ్బు పెట్టకండి, అట్టపెట్టె చీల్చి ఇవ్వండి.